చాకిరీ, పని, ఆదివారం: దళిత క్రైస్తవంలో కష్టం విలువ

దళితవాడ చర్చిల్లో తరచుగా వినపడే ప్రసంగాల్లో ఒకటి కష్టపడి పనిచేయడం గురించి. అది సామెతల గ్రంథం ఆరో అధ్యాయంలోని చీమ దగ్గర మొదలవుతుంది, పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక మూడో అధ్యాయం పదో వచనం దగ్గర ముగుస్తుంది. పని చేయడానికి ఒప్పుకోనివాడికి తిండి కూడా ఉండకూడదన్న ఆ మాటను పాస్టరు గారు బల్ల గుద్ది మరీ చెబుతారు. ఎదురుగా చాపల మీద కూర్చున్నది ఎవరు? శనివారం పొద్దుగూకే దాకా మిరపకాయలు కోసి, తెల్లారి గుడికొచ్చిన ఆడవాళ్ళు. మట్టిపనికీ తాపీపనికీ పోయే మగవాళ్ళు. మున్సిపాలిటీ కాల్వలు తీసేవాళ్ళు. వీళ్ళకు సోమరితనం పాపమని చెప్పడమంటే ఏమిటి? ఈ ప్రశ్న వేసుకోకుండా క్రైస్తవ జీవితంలో శ్రమ విలువ గురించి మన దగ్గర మాట్లాడటం కుదరదని మేము అనుకుంటున్నాం.

కష్టాన్ని గౌరవించడం తప్పని మేము అనడం లేదు. దళిత కులాల జీవితం నిలబడిందే కష్టం మీద. మా అభ్యంతరమల్లా చాకిరీనీ పనినీ ఒకే గాటన కట్టడం మీద. మనిషి తన తెలివితో, తన ఒప్పుదలతో, న్యాయమైన ప్రతిఫలానికి చేసేది పని. కులం పేరు చెప్పి మెడ మీద కూర్చుని చేయించుకునేది చాకిరీ. తెలుగు నేల మీద మాల మాదిగలు క్రైస్తవంలోకి వచ్చిన చరిత్రను జాగ్రత్తగా చదివితే, ఈ తేడా మొదటి తరం వాళ్ళకే బాగా తెలుసని అర్థమవుతుంది. ఆ తేడాను వాళ్ళు గొడ్డలిలా వాడింది ఆదివారం నాడు.

ఒంగోలు నియమాలు

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరాడు. ఆ ఏడే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు పేరయ్య. ఆ తర్వాత ఉద్యమం పల్లెపల్లెకూ పాకిందంటే, అది దొర గుర్రం మీద తిరిగినందుకు కాదు, పేరయ్యలాంటి వాళ్ళు చుట్టాల ఇళ్ళ వెంట కాలినడకన తిరిగినందుకు. మిషనరీ చరిత్రలు దొర బొమ్మను ముందుపెట్టి పేరయ్యను వెనక నిలబెడతాయి. దాని గురించి విడిగా రాయాల్సింది చాలా ఉంది.

క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అనే పుస్తకం 1914లో అచ్చయింది. కొత్తగా చేరేవాళ్ళకు పెట్టిన మూడు నియమాల సంగతి అందులో ఉంది. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే మూడూ మతాచారాలే. కాని వాటిని ఆనాటి పల్లెలో పెట్టి చూడాలి.

ఆనాటి పల్లెలో మాదిగకు రోజులు తనవి కావు. మోట బావికి తోలు బాన కుట్టాలి, ఎద్దులకు పట్టెడలు చేయాలి, రైతుకు చెప్పులు కుట్టాలి. పశువు చస్తే ఈడ్చాలి. జాతరకు డప్పు కొట్టాలి. ఊరికి అధికారి వస్తే మూటలు మోయాలి, కబురు పట్టుకుని పక్కూరికి పరుగెత్తాలి. ఇంత చేసినందుకు కల్లం దగ్గర పెట్టే గింజలే కూలి. అదీ రైతు చేతిలో ఉన్నదే, బిగిస్తే అడిగే నాథుడు లేడు. ఈ ఏర్పాటుకు వేళాపాళా లేదు, పిలిచినప్పుడు రావడమే దాని చట్టం. అలాంటి చోట 'వారంలో ఒకరోజు మేం రాము' అనడం ఏమవుతుంది? తన కాలం మీద తనకు హక్కుందని ప్రకటించడం అవుతుంది. చచ్చిన పశువును తినము అనడం, దాన్ని ఈడ్చే బాధ్యత మీద కూడా ప్రశ్న పెట్టినట్టే. విగ్రహానికి మొక్కము అంటే జాతరకు డప్పు కొట్టము అన్నమాట. మత నియమాలుగా కనపడే మూడూ వెట్టి గొలుసులో మూడు లింకుల మీద పడ్డ దెబ్బలు. ఊరి పెద్దలకు ఇది వెంటనే అర్థమైంది. బలవంతాన పనిలోకి ఈడ్చుకుపోవడం, గింజలు ఆపేయడం, తప్పుడు కేసులు పెట్టడం, దారులూ బావులూ మూసేయడం అన్నీ జరిగాయి. అయినా ఆదివారాన్ని వదల్లేదు.

ఇక్కడే ఒక చిన్న ముచ్చట చెప్పుకోవాలి. ఆనాడు మాదిగ క్రైస్తవులు డప్పు దించారు. 1994లో అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు, డప్పే దండోరాగా, ఆత్మగౌరవ చిహ్నంగా మళ్ళీ భుజానికెక్కింది. తాతలు దించిందీ సరైనదే, మనవలు ఎత్తిందీ సరైనదే. డప్పు మారలేదు. కొట్టమనేది ఎవరన్నది మారింది. పని విషయంలో కూడా మేము చెప్పదలచుకున్నది ఇదే.

మూడు మైళ్ళకు పైగా కాలవ

1876-78 కరువు మద్రాసు రాజధానిని తుడిచిపెట్టింది. సర్కారు సహాయ పనుల దగ్గర కూలి ఎంతివ్వాలన్న దాని మీదే పెద్ద వాదం నడిచింది. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. మట్టి మోసే మనిషికి ఒక పౌను గింజలు! కష్టపడకుండా తింటారేమోనన్న భయం తెల్ల ప్రభుత్వానికి అప్పుడూ ఉంది, చస్తారన్న భయం మాత్రం అంత లేదు.

ఆ కరువులో తీరం వెంట తవ్విన కాలవే తర్వాత బకింగ్‌హాం కాలవ అయింది. క్లౌ కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు. ఆ తెలివితో ఒంగోలు ప్రాంతంలో మూడు మైళ్ళకు పైగా కాలవ తవ్వకాన్ని తనే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. ఇది చిన్న మార్పు కాదు. మాదిగ కూలీ మీద మాదిగ మేస్త్రీ. తిట్టు లేకుండా, తట్ట విసరకుండా, లెక్క ప్రకారం కూలి. వేల మంది ఆ గట్ల మీద చేరారు, మాదిగలే కాదు, ఇతర కులాల వాళ్ళు కూడా.

పని మధ్య తెరిపిలో బోధకులు కూలీల దగ్గర కూర్చుని బైబిలు మాట చెప్పేవాళ్ళు. వాళ్ళు పదే పదే చెప్పిన వచనం చీమ గురించిందా? కాదు. మత్తయి పదకొండో అధ్యాయం చివర యేసు అలసినవాళ్ళను, బరువులు మోసేవాళ్ళను దగ్గరకు పిలిచి విశ్రాంతినిస్తానన్న మాట. తలమీద మట్టితట్ట ఉన్న మనిషి చెవిలో ఆ మాట ఎలా పడి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. 'బరువు' అన్నది వాళ్ళకు ఉపమానం కాదు.

కరువు నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. గంజి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని ఆపాడు. సహాయం ముగిశాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని తేలాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకెను చర్చి చరిత్రలు అద్భుతంగా చెప్పుకుంటాయి. మాకు ఆసక్తి కలిగించేది అంతకు ముందు జరిగిన సంగతి. ఈ జనం సంఘంగా మారింది తిట్టులేని పనిలో, విశ్రాంతి మాట వింటూ. 'రైస్ క్రిస్టియన్లు' అని ఈనాటికీ వెక్కిరించేవాళ్ళకు ఇందులో జవాబుంది. వాళ్ళు తిన్నది తవ్విన మట్టికి కూలి.

బైబిలు ఎవరితో మాట్లాడుతోంది

మళ్ళీ ప్రసంగ వచనాల దగ్గరకు వద్దాం. థెస్సలొనీకయ పత్రిక మాట పని దొరకనివాళ్ళను ఉద్దేశించి రాసింది కాదు. చేయగలిగి ఉండీ చేయడానికి ఒప్పుకోకుండా, పక్కవాళ్ళ కష్టం మీద తిరిగేవాళ్ళను ఉద్దేశించింది. తాను ఎవరికీ బరువు కాకుండా రాత్రింబవళ్ళు పనిచేశానని పౌలు ముందే చెప్పుకున్నాడు. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం పన్నెండో అధికరణంలో ఈ సూత్రమే చేరింది. అక్కడ అది గురిపెట్టింది కూలీవాణ్ణి కాదు, కూర్చుని తినేవాణ్ణి. ఒకే వాక్యం, ఎవరి వైపు చూస్తూ చదువుతున్నామన్న దాన్ని బట్టి అర్థం తిరగబడుతుంది. మన పల్లెల్లో తరాలుగా పని చేయకుండా తిన్నది ఎవరో పాస్టరు గారికి తెలియకపోదు. వాళ్ళు చాప మీద లేరు, అంతే.

కొలొస్సయుల పత్రిక మూడో అధ్యాయం కూడా అలాంటిదే. ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనసుపెట్టి చేయమనే మాట అక్కడ నేరుగా బానిసలకు చెప్పింది. ఆ వెంటనే, నాలుగో అధ్యాయం మొదటి వచనంలో, యజమానులు బానిసలకు న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వాలని, తమకూ పైన ఒక యజమాని ఉన్నాడని ఉంది. అధ్యాయం అంకె మారిందని ప్రసంగం అక్కడికి ఆగిపోతుంది.

'సోమరి' అన్న తిట్టును బైబిల్లో మొదట పెద్దగా వాడింది ఫరో అన్న సంగతి మన స్టడీ సర్కిళ్ళలో చర్చకు రావాలి. నిర్గమకాండం ఐదో అధ్యాయం చూడండి. దేవుణ్ణి కొలవడానికి మాకు తెరిపి ఇవ్వమని ఇశ్రాయేలీయులు అడిగారు. సోమరులు కాబట్టే ఇలా అడుగుతున్నారని ఫరో అన్నాడు. గడ్డి ఇవ్వడం ఆపి, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. తమకు ఒక రోజు కావాలన్న ఒంగోలు మాదిగలకు ఇది దూరపు కథ కాదు. ఇదే జనానికి తర్వాత విశ్రాంతి దినాన్ని ఆజ్ఞగా ఇచ్చినప్పుడు, ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయం చెప్పే కారణం కూడా ఇదే: నువ్వు ఐగుప్తులో దాసుడివి, కాబట్టి నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి. అదే గ్రంథం ఇరవైనాలుగో అధ్యాయంలో కూలివాడి కూలిని పొద్దుగూకక ముందే చేతిలో పెట్టమని ఉంది. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ఇంకా ఘాటైంది. పొలం కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి తానే కేకపెడుతుందని, ఆ కేక దేవుడి చెవిన పడిందని అంటుంది.

ఇక మత్తయి ఇరవయ్యో అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథ. సాయంత్రం దాకా ఊరికే ఎందుకు నిలబడ్డారని యజమాని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదని వాళ్ళంటారు. హైదరాబాదులో ఏ లేబరు అడ్డా మీదైనా పది గంటలు దాటాక మిగిలిపోయిన మనుషుల్ని చూడండి. వాళ్ళు సోమరులు కారు, పిలవబడనివాళ్ళు. కథలో వాళ్ళకు కూడా పూర్తి రోజు కూలి దొరుకుతుంది. ఇంటికి పోయాక ఆకలి సగం వేయదు కదా.

'పిలుపు' అనే ప్రమాదం

యూరపులో ప్రొటెస్టెంటు మతం పనికి గొప్ప విలువ ఇచ్చిందని చెబుతారు. సన్యాసి జీవితమే పవిత్రం కాదు, చెప్పులు కుట్టడం కూడా దేవుడి పిలుపే అని లూథర్ నిలబెట్టాడు. మాక్స్ వేబర్ 1904-05లో ఈ ఆలోచన మీదే ప్రసిద్ధమైన సిద్ధాంతం కట్టాడు. అక్కడ అది విముక్తి మాట. కాని ఆ మాటను ఓడ దింపి తెచ్చి కులం ఉన్న నేలలో నాటితే ఏం మొలుస్తుంది? దేవుడు నిన్ను ఏ పనిలో ఉంచాడో ఆ పనిని నమ్మకంగా చెయ్యి అనే ఉపదేశం, పరాయి ధర్మం కంటే స్వధర్మమే మేలన్న పాత ఉపదేశానికి తెల్ల అంగీ తొడిగినట్టు అవుతుంది. 1936లో డాక్టర్ అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో స్పష్టం చేశారు: కులం కేవలం పనిని విభజించలేదు, పనిచేసేవాళ్ళను విభజించి మెట్లుగా పేర్చింది, ఇష్టాన్ని, సామర్థ్యాన్ని పక్కన పెట్టి పుట్టుకను బట్టి పనిని అంటగట్టింది. దీన్ని దేవుడి పిలుపు అనడం దేవుడి మీద నింద వేయడమే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పిలుపు నాటి స్థితిలో ఉండమన్న పౌలు కూడా, స్వేచ్ఛ దొరికితే తీసుకోమని పక్క వచనంలోనే బానిసకు చెప్పాడు.

అయితే కులవృత్తి అంతా అవమానమేనా, అందులో విలువైంది ఏమీ లేదా? ఈ ప్రశ్న విద్యార్థులు తరచు అడుగుతారు. పచ్చి తోలు చెప్పుగా మారడం వెనక ఎంత జ్ఞానం ఉందో చూడాలి. సున్నపు నీళ్ళలో ఎన్నాళ్ళు నానితే వెంట్రుక వదులుతుందో తెలియాలి. లందలో తంగేడు చెక్క కషాయం ఎంత చిక్కగా ఉండాలో చేయి పెట్టి చెప్పగలగాలి. తోలును సంచిలా కుట్టి, కషాయం నింపి, వేలాడదీసి, అది లోపలికంటా పట్టిందో లేదో ఒక మూల కోసి చూడాలి. ఆ తర్వాత ఆరె, రంపె, కుట్టు. ఇది రసాయన శాస్త్రమే. బడిలో నేర్పనంత మాత్రాన విద్య కాకుండా పోదు. అపొస్తలుల కార్యాలు తొమ్మిదో అధ్యాయంలో పేతురు యొప్పేలో చాలా రోజులు బస చేసింది తోళ్ళు ఊనే సీమోను ఇంట్లో. యూదుల ఆచారంలో ఆ పని మైల పనే. పౌలు చేతి పని డేరాలు కుట్టడం. మన చర్చిల్లో పేతురు గురించి వంద ప్రసంగాలు విన్నాం, సీమోను లంద గురించి ఒక్కటీ వినలేదు. వాడ బిడ్డలకు ముందు చెప్పాల్సిన కథ అదేనని మా అభిప్రాయం. విలువ పనిలో ఉంది, ఆ పనిని ఒక కులం నెత్తిన కట్టడంలోనే నేరం ఉంది. ఈ రెండూ కలిపి చెప్పాలి, ఒకటి వదిలి ఒకటి చెబితే అబద్ధమవుతుంది.

మురుగు గుంటలో దిగడం గురించి మాత్రం ఇలా చెప్పలేం. కొన్ని పనుల్ని గౌరవించే మార్గం వాటిని మనుషుల చేత చేయించడం మానేయడమే. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పాకీపని చేసే దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆ పనిని బాగా చేయమని ఎవరికీ చెప్పలేదు, మానేయమన్నారు. తట్టలు తగలబెట్టించారు, దొడ్లు కూలగొట్టించారు. ఆ పనిని నిషేధించే చట్టాలు 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయి. మురుగు కాల్వల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చావులు ఆగలేదు. శ్రద్ధగా పనిచేయమన్న బోధ ఆ గుంట అంచు దగ్గర ఏం చెబుతుంది?

పనిని ఆపేయడం అనే ఆయుధం

చాకిరీ చేయించుకోవడం ఒక హింస అయితే, పని లేకుండా చేయడం దానికి జోడు హింస. 1991లో చుండూరులో ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపడానికి ముందు కొన్ని వారాలు అగ్రకులాల వాళ్ళు సాంఘిక బహిష్కరణ నడిపారు. పొలాల్లోకి పనికి పిలవలేదు. చర్చికి పోయే కుటుంబాలు ఆ వాడలో ఉన్నాయి. బతకడానికి పొరుగు ఊళ్ళకు పనికోసం పోవాల్సి వచ్చింది. 2007లో ఆ ఊళ్ళోనే నడిచిన ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తల ఎత్తినందుకు శిక్షగా పనిలోకి పిలవకపోవడం ఈ ఒక్క ఊరి కథ కాదు. బాగా పనిచేస్తే బాగుపడతావన్న మాట, పని ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉందో చెప్పకుండా ఉత్తిదే.

ప్రభుత్వం కూడా ఇందులో తన వంతు చేసింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు, తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఒక్క శాతం. మతం మారినవాడు చేసే పని మారదు, ఉండే వాడ మారదు, కాగితం మీద మాత్రం కులం మారిపోతుంది. అందువల్ల ఎంతోమంది దళిత క్రైస్తవులు రెండు పేర్లతో బతుకుతున్నారు. కష్టపడి చదివినవాడు ఉద్యోగం కోసం తన విశ్వాసాన్ని దాచుకోవాల్సి రావడం కంటే శ్రమకు అవమానం ఏముంటుంది?

ఈ మధ్య పట్టణాల్లో పెద్ద పెద్ద సభలు పెట్టి, పేదరికం విశ్వాసం లేకపోవడానికి గుర్తని, కష్టపడి కానుకలిస్తే దేవుడు కారు ఇస్తాడని చెప్పే బోధ పెరిగింది. దాని గురించి ఎక్కువ రాయడం అనవసరం. ఫరోకు కూడా రథాలుండేవి.

మన సంఘాల్లో శ్రమ గురించి మాట్లాడటానికి తగిన రోజు కోతపండగ. కార్యకర్తలూ టీచర్లూ దాన్ని పట్టించుకోవాలి. ఆ రోజు చర్చి ముందు గుమ్మడికాయలు, కోడిపుంజులు, బియ్యం సంచులు పేరుస్తారు, ఆరాధన అయ్యాక వేలంపాట పెడతారు. తెచ్చినవాళ్ళలో ఎక్కువమందికి సెంటు పొలం ఉండదు. ఇంకొకరి చేలో కోసి, కూలిగా వచ్చినదాంట్లోంచి తెస్తారు. ఆడవాళ్ళయితే తెల్లారుజామునే లేచి వండి, పిల్లలకు పెట్టి, ఆ కానుక నెత్తిన పెట్టుకుని వస్తారు. విశ్రాంతి దినం వాళ్ళ పొయ్యి దాకా ఇంకా రాలేదు. ఆ పూట యాకోబు పత్రిక ఐదో అధ్యాయం నాలుగో వచనం బయటకు చదివి, ఈ ఏడు కోత కూలి ఎకరాకు ఎంత వచ్చింది, ఆడమనిషికి ఎంత, మగమనిషికి ఎంత, ఎవరిది ఇంకా బాకీ ఉంది అని సంఘంలో అడగవచ్చు. బాకీల లెక్క రాసుకోవడానికి యువజనుల దగ్గర నోటుపుస్తకాలు ఉండనే ఉన్నాయి.